నేను నేరాలు పెంచిన మండలం

నలభై ఏడేళ్ల వయసులో కర్నూలులో లా చదువుతూ, దాంతోపాటే క్రిమినాలజీ డిప్లొమాలోనూ చేరాను. పొద్దున క్లాసులో ఏ నేరానికి ఏ సెక్షనో చెప్పేవారు. మధ్యాహ్నం క్లాసులో మనిషి ఆ నేరం ఎందుకు చేస్తాడో చెప్పేవారు. రెండు చోట్లా చివరి మాట నాదే కావాలి నాకు.

ప్రాజెక్టు దగ్గర తగువొచ్చింది. మా గైడు నాకంటే పదేళ్లు చిన్న. "సీమవాళ్లు కదా, ఫ్యాక్షన్ మీద రాయండి మేడమ్" అన్నాడు.

"మా ఇంట్లో ఎవరూ బాంబులు చుట్టరు సార్. బోరు మోటారు కేబులు మాత్రం మూడుసార్లు పోయింది. దాని మీద రాస్తా."

ఆయన ఆలూరు వైపు ఒక పోలీసు స్టేషను రికార్డు తెప్పించి నా ముందు పెట్టాడు. ఏడాది మొత్తానికి ఒక్కటే కేబుల్ దొంగతనం. "నేరమే లేనిచోట పరిశోధనేంటి? ఉందని చూపండి, సంతకం పెడతా." ఆ సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు.

ఆ ఒక్క కేసు పెట్టిన రైతును వెతుక్కుంటూ పోయాను. వాడిపోతున్న ఉల్లి చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. దొంగ దొరికాడట, కేబులూ దొరికిందట.

"మరి నీళ్లు పెట్టలేదేం, అన్నా?"

"కేబులు స్టేషన్లో ఉండాదమ్మా. కేసు తేలేదాకా ఈయరంట. అందుకే మా వూర్లో ఎవురూ కంప్లైంటు ఈయరు, కొత్తది కొనుక్కుంటారు. నేనే తెలివిలేనోన్ని."

"ఎంతమందివి పోయినాయి?"

"పోనిదెవురిదో అడుగు, బిరీన అయిపోతాది."

పొద్దున క్లాసు గుర్తొచ్చింది. కేసు నడుస్తుండగానే, దొరికిన సొత్తును పూచీకత్తు మీద ఇప్పించమని యజమాని మేజిస్ట్రేటును అడగవచ్చు. నేనింకా వకీలును కాను కాబట్టి ఆ రైతే కోర్టులో ఇచ్చుకునేలా దరఖాస్తు రాశాను. ఆయన జంకాడు.

"తిడ్తారేమోమ్మా?"

"తిడితే నన్ను పిలువు. తిట్టడంలో నన్ను మించినోళ్లు ఆ కోర్టులో ఉండరు."

ఎవరూ తిట్టలేదు. సాక్ష్యానికి ఫొటోలు తీసుకుని కేబులు ఇచ్చేయమన్నారు మేజిస్ట్రేటు. చేనికి అడ్డదారి ఉన్నా, ఆయన ఆ కేబులు చుట్టను భుజాన వేసుకుని ఊరి నడిమధ్య నుంచే నడిచాడు. సాయంత్రానికి ఉల్లికి నీళ్లు పారాయి.

నెల తిరక్కముందే ఆ స్టేషను ఎస్సై ఫోన్ చేశాడు. దరఖాస్తు ఎవరు రాశారో కనుక్కున్నట్టున్నాడు.

"అక్కా, ఏం చేసినావు నువ్వు? పదకొండు కేబుల్ కేసులొచ్చినాయి! నేరాలు ఇట్ల పెరిగినాయేమని పైవాళ్లు నన్ను వాయిస్తాండారు."

"పెరగలేదప్పా, పుస్తకంలోకి ఎక్కినాయి. ఎఫ్ఐఆర్‌ల నకళ్లకు ఎప్పుడు రమ్మంటావు?"

ఆ పదకొండూ గైడు బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటీ చదివాడు. సంతకం పెట్టి, శీర్షికలో 'పెంచిన' అన్న మాట మార్చమన్నాడు.

మార్చలేదు.