పొంగు తగ్గాక

నా చిన్నప్పుడు, అరవైల్లో, అనకాపల్లి దగ్గర మా ఊళ్లో చెరకు గానుగకి కొత్తగా ఆయిల్ ఇంజన్ వచ్చింది. ఊరంతా దాన్ని చూసి మురిసిపోయేది గానీ, మా బెల్లం వంటకి అసలు పెద్ద మా మేనత్త. పెనంలో రసం పాకానికొచ్చిందని ఆవిడ చెబితేనే దించేవారు.

ఆవిడకి పొత్తికడుపులో నొప్పి. నెలల తరబడి ఉండీ లేనట్టుండి, ఒక్కసారిగా ఎగదన్నేది. అప్పుడు కూర్చోలేదు, నిలబడలేదు. పట్నంలో డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఆ మాట మా ఇంట్లో వాళ్లకి బాగా దొరికింది. "పని రోజే వత్తాది దీనికి నొప్పి" అని మా నాయనమ్మే గొణిగేది.

ఒక వంట రోజు పొద్దున్నే అత్త మంచం ఎక్కేసింది. ముందురోజు నాతో గవ్వలాడి పడీపడీ నవ్విన మనిషి! నాకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లదాన్ని, నోటికి హద్దు లేదు. "నిన్న బాగానే నవ్వేవు గదా అత్తా, ఇయేల నొప్పేటి?" అనేశాను. ఆవిడ ముఖం వాడిపోయింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

మధ్యాహ్నానికి కాస్త తెరిపిన పడి, నా చెయ్యి పట్టుకుని గానుగ దగ్గరికి తీసుకెళ్లింది. పెనానికి ఎడంగా పీట మీద మెల్లగా కూర్చుంది. నిమ్మళంగా మరుగుతున్న రసం ఉన్నట్టుండి అంచులదాకా పొంగింది. నేను కెవ్వుమన్నాను. అత్త సైగ చేయగానే, పొయ్యి దగ్గర మనిషి మండుతున్న చెరకు పిప్పిని బయటికి లాగేసి, రసం మీద నాలుగు చుక్కలు ఆముదం చిలకరించాడు. పొంగు చప్పున దిగిపోయింది.

"సూడు, ఇప్పుడేటీ ఎరగనట్టుంది. మరిందాక పొంగింది అబద్దమేటే?" అంది అత్త.

నేను తల అడ్డంగా ఊపాను.

"నాదీ అంతే. పొంగినప్పుడు మంట లాగేత్తాను. పొయ్యి మాత్రం ఆర్పుకోను" అని నవ్వి, పాకం చూడడానికి లేచింది.

ఆ మాట వెళ్లి నాయనమ్మకి చెప్పాను. మళ్లీ అత్తకి నొప్పొచ్చిన రోజున, నాయనమ్మ ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కూతురికి తనే పట్టుకెళ్లింది.

నలభై దాటాక నాకూ అలాంటి నొప్పే పట్టుకుంది. మందులున్నాయి, పూర్తిగా పోదు. వచ్చిన రోజున పనులు పక్కనపెట్టి, వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకుంటాను. తగ్గాక మొక్కలకి నీళ్లు పోసుకుంటాను, ఇరుగుపొరుగుతో కబుర్లాడతాను. హాయిగానే ఉన్నాను. నిన్న నవ్వినందుకు ఇవాళ ఎవరికీ సంజాయిషీ చెప్పను. మా మనవరాలు గుమ్మంలోంచి తొంగిచూసి "పొంగొచ్చిందా నానమ్మా?" అంటుంది. ఊఁ అంటే చాలు, ఇంకేమీ అడక్కుండా నీళ్లు కాచడానికి వెళ్తుంది.