నాలుగు తూములూ ఒక్కసారి తెరిచి చూడమన్న నందికొండ

నందికొండ ఎలా వెళ్లాలి, ఏం చూడాలి అని స్నేహితులు అడిగినప్పుడల్లా సాగర్ డ్యాం గురించీ లాంచీ గురించీ చెప్పి ఊరుకుంటాను. కానీ నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది డ్యాం చూడటానికి కాదు, ఒక తీగను కొలవడానికి. తొంభైల చివరి మాట. హైదరాబాదులో ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఒక పెద్ద ఫైలును ముక్కలు చేసి నాలుగు కంప్యూటర్లలో దాచి, కావలసినప్పుడు నాలుగింటి నుంచీ ఒకేసారి లాక్కునే పద్ధతి మీద మా పని. సమాంతర ఫైలు వ్యవస్థ అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. నందికొండలో కాలువ నీళ్ల లెక్కలు చూసే ఒక చిన్న ఆఫీసు ఆ పద్ధతిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుంది. రాత్రి ఎనిమిదింటికి కాలువల మట్టాలు అందుతాయి. పొద్దున ఆరింటికల్లా ఏ తూము ఎంత తెరవాలో లెక్క తేలాలి. కంప్యూటర్ల మధ్య ఉన్న తీగ అంత సమాచారాన్ని మోయగలదా లేదా అన్నది నేను కొలిచి రాయాలి. మోయగలిగితే లెక్క నందికొండలోనే జరుగుతుంది, లేకపోతే కంప్యూటర్లు హైదరాబాదుకు వచ్చేస్తాయి.

ఇమ్లీబన్ బస్టాండులో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా దారి. అప్పట్లో నాలుగు గంటలు దాటేది, టికెట్టు యాభై రూపాయల లోపే. మాల్ దగ్గర చాయ్‌కి ఆపినప్పుడు నా ఒళ్లో ఉన్న పెట్టె ఏమిటని డ్రైవర్ అడిగాడు. కంప్యూటర్ల తీగ కొలిచే సామాను అన్నాను. "నీళ్లు గొలిసేటోళ్లను జూసిన గని, తీగ గొలిసేటోళ్లను జూడలే" అన్నాడాయన, నవ్వకుండానే. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. మాల్ దాటాక దారంతా బండరాళ్లు, ఆముదం చేలు, ఎర్రమట్టి. నీళ్ల జాడ ఉండదు. కృష్ణ ఇంత దగ్గర్లో ఉందంటే నమ్మబుద్ధి కాదు. సాగర్ దగ్గర పడ్డాక ఒక్క మలుపులో పచ్చదనం మొదలవుతుంది. ఆ నీళ్లు ఎవరికి అందుతాయి, ఎవరికి అందవు అన్న ఆలోచన ఆరోజు నాకు రాలేదు.

పదకొండింటికి నందికొండ హిల్ కాలనీలో దిగాను. ఆఫీసు మెట్ల దగ్గర యాకూబ్ ఎదురొచ్చి నా పెట్టె అందుకున్నాడు. నలభై దాటిన మనిషి, ఆ నాలుగు కంప్యూటర్లనూ నడిపేది ఆయనే, రోజు కూలీ మీద. ఆయన ఇద్దరు ఆడపిల్లలూ అక్కడి బడిలోనే చదువుతున్నారు. లెక్క ఇక్కడే జరిగితే యాకూబ్‌ను పర్మనెంటు చేస్తారనీ, కంప్యూటర్లు వెళ్లిపోతే ఆయన పనీ పోతుందనీ ఆ ఆఫీసు ఇంజనీరు నాకు ముందే చెప్పారు. యాకూబ్ ఆ సంగతి ఎత్తలేదు. కంప్యూటర్ల మీద కప్పిన బట్టలు మడిచి, ఒక్కొక్కటే ఆన్ చేసి, పక్కన నిలబడ్డాడు.

మధ్యాహ్నంలోపే కొలత ముగించాను. మా ల్యాబ్‌లో చేసినట్టే, మొదటి కంప్యూటర్ నుంచి సమాచారం లాగి వేగం రాసుకున్నాను, తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఒక్కొక్కటీ సెకనుకు మెగాబైటుకు కాస్త తక్కువ ఇచ్చింది. నాలుగు అంకెలనూ కలిపాను. ఆ కూడిక ప్రకారం లెక్క నాలుగు గంటల్లో తేలిపోతుంది, చేతిలో పది గంటలున్నాయి. ఇక ఫికరు లేదని యాకూబ్‌తో అన్నాను. ఆయన మొహం వెలిగింది. నన్ను బస్టాండు పక్క లక్ష్మమ్మ మెస్సుకు తీసుకెళ్లి, వద్దన్నా వినకుండా చేపల పులుసు రెండోసారి వేయించాడు. ఆ ఊళ్లో తినవలసింది జలాశయం చేపే, మెస్సులు రెండింటికల్లా ఖాళీ అవుతాయి కాబట్టి ముందే వెళ్లండి. లక్ష్మమ్మ కూడా యాకూబ్ కొలువు దక్కిందా అని నన్నే అడిగింది. దక్కిందని నేనే చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున రిపోర్టు మీద సంతకం పెట్టి, లాంచీ ఎక్కి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాలని నా ఆలోచన. ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లేసరికి యాకూబ్ తాళం తీసి కూర్చుని ఉన్నాడు. చాయ్ తెప్పించాడు. తాగడం అయ్యేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"సార్, ఏమనుకోకుండ్రి, ఒకటి అడుగుత. నాలుగు మిషన్లు ఒక్కపారి నడిపి జూసిన్రా?"

నాకు కోపం వచ్చింది. మా ల్యాబ్‌లో ఇలాగే కొలుస్తాం భాయ్ అన్నాను, గొంతు కాస్త పెంచే. ఆయన వెనక్కి తగ్గలేదు. వాళ్ల నాన్న ఎడమ కాలువ మీద లస్కరు, అంటే తూములు తెరిచీ మూసీ కాపలా కాసే మనిషి. కొత్తలో అధికారులు వచ్చి ఒక తూము తెరిపించి నీళ్లు కొలిచేవారట, అది మూయించి పక్క తూము తెరిపించేవారట. ఏ తూముకు ఆ తూము నిండుగా పారేది. అన్నీ కూడి కాగితం మీద రాసుకుని వెళ్లిపోయేవారు. నాట్ల రోజుల్లో అన్ని తూములూ ఒకేసారి తెరిస్తే కాలువ చివరకు తడి మాత్రమే చేరేది.

"మా అమ్మమ్మోళ్ల ఊరు చివర్లనే ఉంటది సార్. కాయిదం మీద నీళ్లచ్చినయి. పొలంల రాలే."

నేను వంగి బల్ల కింద చూశాను. మా ల్యాబ్‌లో ప్రతి కంప్యూటర్‌కూ విడి తీగ ఉండేది, అన్నీ వెళ్లి ఒక డబ్బాలో కలిసేవి. అక్కడ కూడితే సరిపోయేది. ఇక్కడ ఒకే నల్ల తీగ, మొదటి కంప్యూటర్ నుంచి నాలుగోదాకా గుచ్చినట్టు వెళ్లింది. నిన్న దాన్ని చేత్తో పట్టుకుని మరీ చూశాను. చూసి కూడా, అలవాటు కొద్దీ నాలుగు తీగలున్నట్టే లెక్క కట్టాను. చదువుకున్న మూర్ఖత్వం అంటే అదే.

నాలుగింటినీ ఒకేసారి నడిపాం. అన్నింటికీ కలిపి వచ్చింది, నిన్న ఒక్కదానికి వచ్చినదానికంటే తక్కువ. ఒకదానికొకటి అడ్డం పడి కొంత అలా కూడా పోయింది. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే. లెక్క తేలడానికి పదిహేడు గంటలు పడుతుంది, అంటే మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటకు.

నిజం చెప్పాలంటే, నిన్నటి కాగితం మీదే సంతకం పెట్టేయాలని అనిపించింది. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, అన్నీ నేను కొలిచినవే. ఈ రెండో కొలత సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇది రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా అని యాకూబ్‌ను అడిగాను. ఆయన కంప్యూటర్ మీద బట్ట సర్దుతూ చెప్పాడు.

"ఎరికే సార్. లెక్క పగటీలి ఒంటిగంటకు అచ్చిందనుకోండ్రి, పొద్దుగాల తూములు ఏం జూసి తెరుస్తరు? నిన్నటి లెక్క జూసి తెరుస్తరు. ఎండేది మళ్ల చివరోళ్లదే. రాయిండ్రి."

రాశాను. మా ల్యాబ్‌లో ఉన్నలాంటి డబ్బా ఒకటి కొని, విడి తీగలు వేస్తే పని ఇక్కడే జరుగుతుందని కింద ఇంకో పేరా కూడా రాశాను. ఆ పేరాను ఎవరూ పట్టించుకోలేదని తర్వాత తెలిసింది.

పదకొండింటికి బయటపడ్డాను. డ్యాం దాటి అవతలి ఒడ్డుకు వెళ్లి నాగార్జునకొండ లాంచీ ఎక్కాను; గంట సేపు ప్రయాణం. శుక్రవారం దీవి మీద మ్యూజియం ఉండదు, ఆ రోజు పెట్టుకోకండి. మునిగిన లోయలోంచి రాయి రాయీ ఎత్తి తెచ్చి నిలబెట్టిన కట్టడాలు చూస్తూ తిరిగాను కానీ మనసు అక్కడ లేదు. తిరిగి హిల్ కాలనీ చేరేసరికి అయిదు దాటింది. పొద్దుటి నుంచి నాలుగైదు బస్సుల్లో విడివిడిగా వచ్చిన జనమంతా ఇప్పుడు ఒకే బస్సు కోసం నిలబడి ఉన్నారు. పొద్దున నేర్చుకున్న పాఠం సాయంత్రం మళ్లీ కళ్ల ముందు నిలబడింది. బస్సు ఆగీ ఆగకముందే జనం మీద పడ్డారు. నేను వెనకే ఉండిపోయాను.

"సార్, ఇటు" అని కిటికీ పక్క నుంచి యాకూబ్ పిలిచాడు. తన చారల దస్తీ, అదే చేతిరుమాలు, కిటికీలోంచి సీటు మీద వేసి నాకోసం జాగా ఆపాడు. పొద్దున నేను ఏం రాశానో తెలిసిన మనిషి. నేను ఎక్కి కూర్చుని దస్తీ ఇవ్వబోయేసరికి బస్సు కదిలింది. ఉండనీయండని చేయి ఊపాడు.

రెండు నెలలకు కంప్యూటర్లు మా ల్యాబ్‌కు వచ్చాయి. కప్పిన బట్టలు మడిచి, తీగను చక్కగా చుట్టి, చివర్లకు కాగితం తొడుగులు కట్టి ఉన్నాయి. ఆ చేతులు ఎవరివో నాకు తెలుసు. యాకూబ్ కుటుంబంతో షాద్‌నగర్ వెళ్లాడనీ, ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చే పోయే బండ్ల నంబర్లు రాస్తున్నాడనీ విన్నాను. షాద్‌నగర్ నాకు గంటన్నర దూరం. వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పాలో తెలియక వెళ్లలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను. ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో తీగలు కొలిచాను, అన్నీ ఒకేసారి నడపకుండా ఒక్క కాగితం మీదా సంతకం పెట్టలేదు. అందరూ అది నా పద్ధతి అనుకుంటారు. నేర్పిన మనిషి దానికి ఇచ్చుకున్నది తన కొలువు.

ఇక వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. నందికొండకు పొద్దున ఎన్ని బస్సులున్నాయో లెక్కపెట్టి ధీమాగా ఉండకండి, సాయంత్రం అందరూ ఒక్కసారే వెనక్కి వస్తారు. మధ్యాహ్నం లాంచీకే తిరిగి రండి, జేబులో ఒక దస్తీ ఉంచుకోండి. నా దగ్గర ఒకటి ఉంది కానీ, అది ఇంకొకరిది.