మునిరాజప్ప కట్టిన ఎర్ర దారం

మాడిన గ్రీజు వాసన తగిలితే ఇప్పటికీ అది ఎక్కడి నుంచో చూడందే నేను కదలను. మొన్న ఆదివారం పొద్దున బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా అపార్ట్‌మెంటులో లిఫ్టు దిగగానే అదే వాసన. నీళ్ళ మోటారు గదిలోంచి వస్తోంది. వెళ్ళి మోటారు మీద చేయి పెట్టాను, చురుక్కుమంది. పక్కన గోడకు సర్వీసు కార్డు వేలాడుతోంది. నెలనెలా టిక్కులు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా. ఇంకా రాని నెలకు కూడా టిక్కు పడి ఉంది. సర్వీసు చేసే అతను వెనకే వచ్చి, "సార్, అసోసియేషన్ తరఫున సుమ్నే ఒక సైన్ వేసేయండి" అన్నాడు. ఊరికే ఒక సంతకమట! మునిరాజప్ప గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి, ఆయన నన్ను వదిలిందెప్పుడు గనక.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. ఏ మెషీనుకు ఎప్పుడు సర్వీసు చేయాలో చూసుకోవడం నా పని. మునిరాజప్ప అక్కడ మెయింటెనెన్స్ మేస్త్రీ. ఆనేకల్‌లో తరతరాలుగా పట్టు నేసే తెలుగు కుటుంబం వాళ్ళది. ఆయనొక్కడే మగ్గం వదిలి మెషీన్లు పట్టుకున్నాడు. అయినా జేబులో ఎప్పుడూ ఎర్ర పట్టుదారం ఉండేది. ఏ మెషీను బాగుచేసినా, తిరిగే భాగాలకు అడ్డంగా ఉండే ఇనుప జాలికి ఆ దారం కట్టేవాడు. ఎనిమిది రోజులు మెషీను నడవాలి, రోజూ తాను చేయి పెట్టి చూడాలి, తృప్తి కలిగితేనే దారం విప్పి పని అయిందని సంతకం పెట్టేవాడు. అంతకుముందు పెట్టమంటే దేవుడు దిగొచ్చినా పెట్టడు. ఆ ముడి నేతగాళ్ళ ముడి, ఆయన వేళ్ళకు తప్ప ఎవరికీ లొంగేది కాదు.

చేరిన మొదటి వారమే నా చేయి పట్టుకెళ్ళి నడుస్తున్న మోటారు మీద పెట్టి, "ఏమంటాది?" అన్నాడు.

"వేడిగా ఉంది మేస్త్రీ."

"వేడి అందరికీ తెలుస్తాది. ఇది మామూలు వేడా, జొరమా? అది చెప్పప్పా."

నెల్లాళ్ళు రోజూ పొద్దున అదే పరీక్ష. తప్పు చెబితే "కాలేజీలో దుడ్డు దండగ చేసినారే మీవాళ్ళు!" అని నవ్వేవాడు. సరిగ్గా చెబితే తన టిఫిన్ డబ్బా మూతలో సగం రాగిముద్ద పెట్టి నా ముందుకు తోసేవాడు. నాకు ఈ రోజు ఏదైనా పని వచ్చంటే, అది ఆ మూతలో పెట్టిందే.

అంతలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. గడువు రాగానే ఫలానా మెషీనుకు ఫలానా పని చేయమని వర్క్ ఆర్డరు కాగితం దానంతటదే ప్రింటవుతుంది. పని అయ్యాక మేస్త్రీలు తమ పాస్‌వర్డుతో కంప్యూటర్లో ఆ ఆర్డరు మూసేయాలి. ఆ పాస్‌వర్డులన్నీ నేను పెట్టినవే. అన్ని మెషీన్లకూ కాగితాలు వస్తున్నాయి, గాలి ఊదే నాలుగో నంబరు బ్లోయర్‌కు మాత్రం నాలుగు నెలలుగా ఒక్కటీ రాలేదు. మేనేజరు నన్ను పిలిచి నలుగురిలో కడిగేశాడు. "రేపు కస్టమర్ ఆడిట్ ఉంది మ్యాన్! స్క్రీన్ మీద రెడ్ కనపడకూడదు. మధ్యాహ్నానికల్లా ఆర్డర్ జెనరేట్ కావాలి, అంతే."

తేదీలు చూశాను, మెషీను నంబరు చూశాను, అంతా సరిగ్గానే ఉంది. చివరికి దొరికింది. పాత ఆర్డరు మూస్తే తప్ప కొత్తది పుట్టకుండా సాఫ్ట్‌వేర్‌ను అమర్చారు. బ్లోయర్ పాత ఆర్డరు ఇంకా తెరిచే ఉంది. పరుగున మునిరాజప్ప దగ్గరికి వెళ్ళాను.

"ఆ బేరింగ్ సరిలేదప్పా. కొత్తది రాలేదని పాతదే వేసుండాను. రోజూ చూస్తా నెట్టుకొస్తుండాను. కొత్తది వేస్తేనే దారం ఇప్పేది, ఆర్డరు మూసేది."

"ఊరికే మూసేయండి మేస్త్రీ, కాగితమే కదా."

"కాగితమే అయితే నీకేల ఇంత బేజారు?" అని స్పానర్ అందుకున్నాడు.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. ఆ అమరిక మార్చవచ్చు, రెండు రోజులు పడుతుందన్నారు. రెండు రోజులు! ఆ రెండు రోజులు మేనేజరు చేత తిట్లు తినడానికి నాకు దమ్ము లేకపోయింది. మునిరాజప్ప పాస్‌వర్డుతో లోపలికెళ్ళి ఆర్డరు మూసేశాను. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది, చదవకుండానే సరే అని నొక్కాను. ప్రింటరు కర్రుమంటూ కొత్త కాగితం కక్కింది. మేనేజరు నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

కాగితం చూసి మునిరాజప్ప అడిగాడు. "ఇది ఎట్ల వచ్చె? పాతది నేను మూయలేదే?"

"సిస్టమ్ సరిచేశాను మేస్త్రీ."

"సరేప్పా, చదువుకున్నోడివి" అని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో ప్రశ్న వేసి ఉంటే చెప్పేసేవాణ్ణని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం.

నేను చదవకుండా సరే అన్న ఆ ప్రశ్న, ఆర్డరుతో పాటు దాని కోసం తెప్పిస్తున్న బేరింగ్‌ను కూడా రద్దు చేయాలా అని. అది తర్వాత తెలిసింది. ఆయన రోజూ స్టోర్స్‌కు వెళ్ళి బేరింగ్ వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు, వాళ్ళు వస్తుంది వస్తుంది అంటూనే ఉన్నారు. రెండు నెలలకు ఒక పొద్దున, ఆయన రౌండుకు రాకముందే, బేరింగ్ పట్టేసి షాఫ్టు విరిగింది. జాలి ఊడి ఆపరేటర్ నంజుండి చేతి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. నేను వెళ్ళేసరికి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మాడిన గ్రీజు కంపు. వంకరపోయిన జాలికి ఎర్ర దారం అలాగే ఉంది. అటూ ఇటూ చూశాను. బ్లేడుతో కోసి జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నం విచారణ. మేనేజరు ప్రింటు కాగితం బల్ల మీద పెట్టాడు. "మీ పేరుతోనే క్లోజ్ అయి ఉంది కదయ్యా!"

"నేను మూయలేదు సార్. దారం ఉండాది, పోయి చూడండి. దారం ఇప్పకుండా నేను ఏ పొద్దూ మూసినోణ్ణి కాదు."

పోయి చూశారు. దారం లేదు. మునిరాజప్ప ఆ జాలినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నేను జేబులో చేయి పెట్టి దారాన్ని ఇంకా లోపలికి నొక్కాను. రిటైరు కావడానికి రెండేళ్ళుండగా ఆయన్ను తీసేశారు. తప్పుడు సంతకం పెట్టి మనిషి వేళ్ళు పోగొట్టాడని, ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పుడు సంతకం పెట్టని మనిషికి రాసిచ్చి పంపారు.

గేటు దగ్గర నా ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ముడి ఇప్పినావా, కోసినావా అప్పా?" అన్నాడు.

నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. "కోసే ఉంటావులే" అని ఆనేకల్ బస్సెక్కాడు. మూడేళ్ళ తర్వాత పోయాడని తెలిసింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వెళ్ళలేదు.

మొన్న ఆ కార్డు మీద సంతకం పెట్టలేదు. సర్వీసు అతను మొహం మాడ్చుకుని వెళ్ళాడు. మా అపార్ట్‌మెంటులో నన్ను చాలా నిక్కచ్చి మనిషనుకుంటారు. చేయి పెట్టి చూడకుండా దేనికీ సంతకం పెట్టనని ఆఫీసులోనూ పేరుంది. ఆ పేరు నాది కాదు, ఒకాయన దగ్గర కొట్టేసింది. పైకి వచ్చి సొరుగు తెరిచి దారం తీశాను. రంగు వెలిసిపోయింది. విప్పుదామని ఈసారీ చాలాసేపు కూర్చున్నాను. కోసిన కొసలు పీచులు పీచులుగా రాలుతున్నాయి గానీ, ముడి రాలేదు.