అందరికీ ఒకే దండ

మా అక్క భర్తకు చిత్తూరులో ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆయనకే ముందు తెలుస్తుంది. ఆప్యాయత వల్ల కాదు, ఆర్డరు వల్ల. ఆయన కంప్యూటర్లో ర్యామ్ తక్కువ, 'రామా' అనుకోవడం ఎక్కువ. ఒక బ్యానరు తెరిచేలోగా టీ తాగి రావచ్చు. రెండోది తెరిచేలోగా టిఫినూ ముగించవచ్చు.

నేను తిరుపతిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అంటే బంధువులందరి కంప్యూటర్లకూ ధర్మవైద్యుణ్ణి. బ్యానర్లు కూర్చే ఆ ప్రోగ్రాము కూడా నా చేతి చలవే కాబట్టి, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి దాని కడుపులో ఏముందో చూశాను.

మన బ్యానర్లలో ముఖాలు మారతాయి గానీ సామగ్రి మారదు. నడుమ నాయకుడు, కింద వరసగా అనుచరులు, ఒక్కో ముఖం చుట్టూ అదే బంగారు రంగు రౌండు ఫ్రేము. నా ప్రోగ్రాము ప్రతి ముఖానికీ ఆ ఫ్రేమును కొత్తగా తయారు చేసి మెమరీలో పెడుతోంది. అనుచరులు పెరిగేకొద్దీ కంప్యూటరు కూలబడుతోంది.

"బావా, మీ వీధిలో పెళ్లి వంటలకు పెద్ద అండాలు ఎన్నుండాయి?"

"ఒగటే. ఎవురింట్లో పనుంటే వాళ్లు మోసుకపోతారు."

"ఫ్రేమూ అంతే. ఒక్కటి దాచి, అది యాడుందో ప్రతి ముఖానికీ చెప్తే చాలు."

మధ్యాహ్నానికల్లా అలాగే మార్చేశాను. బ్యానరు చిటికెలో తెరుచుకుంది. అక్క నాకు రెండు వడలు ఎక్కువ వేసింది. మెమరీ ఆదా అయింది గానీ నా పొట్టలో జాగా అయిపోయింది.

ఆ తర్వాత నేను వెళ్లింది ఊళ్లోని ఒక నాయకుడి పుట్టినరోజు ముందు రోజు. ఏడాది పొడుగునా దుకాణాన్ని నిలబెట్టేది ఆయన ఆర్డర్లే. సాయంత్రానికి కూడలిలో బ్యానరు లేకపోతే ఆ ఆర్డర్లన్నీ ఎదురు దుకాణానికి పోతాయి. బ్యానరు అంతకు ముందు రోజే సిద్ధం చేసి పెట్టుకున్నాడు కాబట్టి బావ నిశ్చింతగా ఉన్నాడు. ఆ పొద్దున పక్క పల్లెలో పోయిన ఒక అవ్వకు శ్రద్ధాంజలి బ్యానరు తయారు చేశాడు. అవ్వ ఇంటివాళ్లు మంచి ఫోటో తెచ్చి మార్చమన్నా ఇబ్బంది లేకుండా, దండనూ దీపాన్నీ ఫోటోకు కాక ఫ్రేముకే తగిలించాడు. ఆ తర్వాత నాయకుడి బ్యానరును ప్రింటు మిషనుకు పంపాడు.

ఉన్నది ఒకటే ఫ్రేము. అవ్వకు వేసిన దండ అందరికీ పడింది. 'జన్మదిన శుభాకాంక్షలు' కింద చేతులు జోడించిన నాయకుడి మెడ చుట్టూ బంతిపూల దండ, ముందు దీపం. కింద అనుచరులంతా మూకుమ్మడిగా దివంగతులు.

బ్యానరు తీసుకుపోవడానికి వచ్చిన అనుచరుడు నాయకుణ్ణి చూడనేలేదు. వరసలో తన ముఖం వెతుక్కున్నాడు.

"ఏమప్పా, నాకు దండేసినారే? పొద్దన్నే నాలుగిడ్లీలు తిని వచ్చినా గదా."

"అందరికీ ఏసినామన్నా," అన్నాడు బావ, కంగారులో.

"అన్నకూ నాకూ ఒగే సైజా?" అంటూ పైకి, నాయకుడి వైపు చూశాడు. గొంతు తగ్గింది. "దీపం గూడా ఎలిగించినారే. ఇది కట్టినానంటే రేపు నాకు పడేది నిజం దండే."

నేను ఫ్రేముకున్న దండ, దీపం తీసేశాను. అందరూ ఒక్కసారే బతికారు.

"సంపేదీ నువ్వే, బతికించేదీ నువ్వే బామ్మర్దీ," అన్నాడు బావ. మళ్లీ ప్రింటు అయ్యేదాకా అనుచరుడు స్టూలు మీంచి లేవలేదు. పొద్దుగూకక ముందే బ్యానరు కూడలి చేరింది. దాని వెనకే అవ్వ బ్యానరూ ప్రింటయింది.

అవ్వ కొడుకు వచ్చి తమ బ్యానరు విప్పి చూసినప్పుడు గాని నాకు తట్టలేదు: అందరితో పాటు అవ్వ కూడా బతికింది. తమలపాకుల ఎర్రటి నవ్వు, దండా లేదు, దీపమూ లేదు. ఒక్క నిమిషం ఆగమన్నాను.

"ఉండనీలేప్పా," అన్నాడాయన. "మాయమ్మ ఇంట్లో ఉన్నట్టే ఉండాది."

ఆయన వెళ్లాక, ప్రోగ్రాములో మొదటే రాయాల్సిన ఆ నాలుగు వరసలూ రాశాను: పంచుకున్నదాన్ని మార్చాలనుకున్నవాళ్లు ముందు తమకంటూ వేరే నకలు తీసుకోవాలి.

అంతలో అనుచరుడు ఫోన్ చేశాడు. బావ స్పీకరు నొక్కాడు.

"అన్న బ్యానరు సూసినాడప్పా. అవతలోళ్ల బ్యానర్లో వాళ్ల నాయకునికి గజమాల ఉండాది, మనకేదీ అంటాండాడు. ఇంగోటి కొట్టు. దండ అన్నకొక్కడికే, మాకొద్దు." కాస్త ఆగాడు. "దీపం మాత్రం వద్దప్పా."