రెండు బస్సుల శుక్రవారం

కువైట్‌లో నాకు నెలకు ఒక్క శుక్రవారం సెలవు. ఆ ఒక్క రోజును కూడా మా జిల్లా మగవాళ్ళు పార్టీలకు పంచిపెట్టారు. ఇన్నేళ్ళయినా అది తలచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. ఆ రోజుల్లో ఊరు ఊరంతా రెండు పార్టీలు. పార్టీ అంటే ఓట్ల రోజు గుర్తొచ్చేది కాదు మాకు. టీ అంగళ్ళు రెండు, పిండిమరలు రెండు, చివరికి మంగలి కూడా ఇద్దరు. వాళ్ళ వీధిలో పెళ్ళి మేళం మోగితే మా వీధిలో తలుపులు వేసుకునేవాళ్ళం. మా చిన్నమామను నరికిన కేసులో వాళ్ళ వీధి మగవాళ్ళు, వాళ్ళ మనిషిని నరికిన కేసులో మా వీధి మగవాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతుంటే చేలు బీడు పడ్డాయి. అప్పుడు ఆడవాళ్ళం ప్రొద్దుటూరు ఏజెంటు చేతిలో పాస్‌పోర్టులు పెట్టి విమానం ఎక్కాం. మమ్మల్ని కువైట్‌కు తరిమింది కరువని అందరూ అంటారు. కరువును ఊరికే ఆడిపోసుకుంటారు. సగం తరిమింది మా మగవాళ్ళ మీసాలు.

నాది పిల్లల్ని చూసుకునే పని. ఇంటావిడను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. వాళ్ళ ముగ్గురు పిల్లలకు తినిపించడం, నీళ్ళు పోయడం, బడికి తయారు చేయడం, నిద్రపుచ్చడం. నా పిల్లలను అత్త దగ్గర వదిలేసి వచ్చి వాళ్ళ చిన్నవాడికి తెలుగులో జోల పాడేదాన్ని. వాడికి అమ్మ అనే మాట కంటే ముందు బువ్వ అనే మాట వచ్చింది. ఆ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, పస్తు పెట్టలేదు. కానీ గడప దాటనివ్వరు. చెత్త పారేయడానికి వీధి చివరి దాకా పోవడమే నాకు షికారు.

మాకు శుక్రవారం తెచ్చిపెట్టింది ఖాలా. ప్రొద్దుటూరి ముస్లిం ఆమె, మా అందరికంటే ముందు వచ్చింది, అరబ్బీలో గలగలా మాట్లాడేది. ఖాలా అంటే పిన్నమ్మ, అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఒక్కొక్క ఇంటికీ తనే వెళ్ళి మామాల ముందు కూర్చుని, "పిల్లను సముద్రం దగ్గరికి తీసుకుపోతా, పొద్దు గుంకేలోపల తెచ్చి అప్పజెబుతా" అని పూచీ పడేది. అలా ఒక్కో ఆడమనిషిని ఇంట్లోంచి ఊడదీసింది. సముద్రం ఒడ్డున చాపలు పరుచుకుని తెచ్చుకున్న సద్దులు విప్పేవాళ్ళం. చిత్రాన్నం, ఓళిగలు, వేయించిన చెనిగ్గింజలు దంచిన ఊరిమిండి. తిన్నాక కోలాటం. కోలలు యాడివి అంటారా? ఇళ్ళు తుడిచే కర్రలు అరిగిపోతే పారేయకుండా దాచి, ఒక డ్రైవరు చేత మూరెడు మూరెడు కోయించుకున్నాం. నెలంతా వాళ్ళ నేల తుడిచిన కర్రతో ఆ ఒక్క రోజు మేం ఎగిరేవాళ్ళం.

అక్కడే ఆమె కలిసింది. మా ఊరి ఆమే. అవతలి వీధి ఆమె. ఊర్లో ఎన్నడూ ఎదురుబడి ఒక్క మాట అనుకున్నవాళ్ళం కాదు. ఖాలా తెలియక మా ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆమె నా గిన్నెలోంచి ఊరిమిండి వేలితో తీసుకుని నాకి, "అక్కా, మీ వీధిలో ఎల్లిపాయ ఇంత ఎక్కువ యేస్తారా?" అంది.

"మీ వీధోళ్ళు మా ఇంట్లో తిని ఉంటే గదా మే తెలిసేది" అన్నాను.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ రోజు నుంచి కోలాటంలో ఆమే నా జోడీ. పాట ఆమె ఎత్తుకునేది, నేను అందుకునేదాన్ని. కోల కోలకు తగిలితే టక్కున మోగాలి. ఆమె కొడితే నా మోచేతి దాకా తెలిసేది, అంత దిట్టమైన చెయ్యి.

ఒక శుక్రవారం ఆ చెయ్యి మోగలేదు. కోల ఊరికే తగిలి జారిపోతోంది. పాట ఆపి ఆమె కుడిచేయి పట్టుకుని పైట కింద నుంచి బయటికి లాగాను. రెండు వేళ్ళు ఉబ్బి, నల్లబడి, ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. పాలు పొంగిపోయాయని ఆమె పనిచేసే ఇంటి ఆవిడ ఆ చేతిని తలుపు సందులో పెట్టించి తలుపు వేసిందట. ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆ చేత్తోనే పిల్లవాణ్ణి ఎత్తుకోమంటోంది.

"ఇంగ ఆ ఇంటికి పోవద్దు, ఇప్పుడే పోదాం పా ఎంబసీకి" అన్నాను.

"నా గుడ్డలు, నా బిడ్డల ఫోటోలు ఆడే ఉండాయి అక్కా. వచ్చే సెలవు దినం సంచి తెచ్చుకుంటా" అంది.

ఖాలా కూడా అదే మేలంది. వచ్చే నెల శుక్రవారం బస్సు ఆమె సందు చివర ఆగుతుంది, ఆమె సంచితో ఎక్కుతుంది, సముద్రం దగ్గర నుంచి ఖాలా నేరుగా ఎంబసీకి తీసుకుపోతుంది. అంతే. ఆ ఇంట్లోంచి బయటపడడానికి ఆమెకు ఉన్న దారి ఆ బస్సు ఒక్కటే.

బస్సు అన్నాను కదా. అది మగవాళ్ళ దయ. మేం టాక్సీల్లో ఇరుక్కుని పోతుంటే చూసి మా జిల్లా మగవాళ్ళు సంఘం పెట్టారు. సాంస్కృతిక కార్యక్రమాలన్నారు, విహారయాత్రలన్నారు, బస్సు పెట్టారు, ముందు బ్యానరు కట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఖాలా తెచ్చిన శుక్రవారాన్ని మాకే బహుమానంగా ఇచ్చారు. మొదట్లో మాకూ సంతోషమే. చల్లటి బస్సు, మైకు, పిల్లలకు పంపమని ఫోటోలు. తర్వాత ఊర్లో ఓట్లు దగ్గర పడ్డాయి. సంఘంలో ప్రెసిడెంటు కుర్చీ కోసం పులివెందుల ఆయనకూ ప్రొద్దుటూరు ఆయనకూ చెడింది. సరిగ్గా ఆమె సంచి సర్దుకుంటున్న ఆ నెలలోనే సంఘాలు రెండయ్యాయి, బస్సులు రెండయ్యాయి. ఏ బస్సులో ఎవరు ఎక్కాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏ ఊరు, ఏ వీధి, మొగుడు ఎవరి వెంట తిరుగుతాడు, అంతే చూశారు. ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చి, మా రెండు వీధులను అక్కడ కూడా గీశారు కదా!

ఆ శుక్రవారం మా బస్సు ఆమె సందు ముందు నుంచే పోయింది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ఆమె సందు చివర నిలబడి ఉంది. మెడ నుంచి మడమల దాకా నల్లటి అబాయా, చంకలో గుడ్డల సంచి. బస్సును చూసి ఎడమచెయ్యి ఎత్తి ఊపింది.

"ఆపప్పా! ఆపు! ఆమె నిలబడుకోని ఉండాది సూడు!" అని అరిచాను.

ముందు సీట్లో మా సంఘం ప్రెసిడెంటు వెనక్కి తిరిగి, "ఆయమ్మ వాళ్ళ మనిషి. వాళ్ళ బస్సు వస్తాదిలే" అన్నాడు.

"చెయ్యి ఇరిగిన మనిషప్పా అది! పార్టీ మనిషి గాదు!"

"మనం ఎక్కించుకుంటే రేపు ఊర్లో మన మీద మాట వస్తాది. నీకు తెలీదు, గమ్మునుండు."

డ్రైవరు బస్సు ఆపలేదు. వెనక అద్దంలోంచి చూస్తే ఆమె బస్సు వెంట నాలుగు అడుగులు పరిగెత్తి ఆగిపోయింది.

సముద్రం ఒడ్డున రెండు షామియానాలు, రెండు మైకులు. మా వైపు ఊరి నుంచి పెద్ద నాయకుడు వస్తున్నాడని గులాబీ దండలు, శాలువాలు. నేను బస్సు దిగినదాన్ని దిగినట్టే, ముందే ఒడ్డుకు చేరి ఉన్న ఖాలాను వెంటబెట్టుకుని అవతలి షామియానాకు పోయాను. ఆమె అక్కడ లేదు. వాళ్ళ ప్రెసిడెంటును అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఆయమ్మ ఎప్పుడూ నీతోనే గదా ఎగిరేది. మీ బస్సు ఎక్కింటాదని మేం ఆ పక్కకే పోలేదు."

మావాడు వాళ్ళ మనిషన్నాడు, వాళ్ళవాడు మా మనిషన్నాడు. ఊర్లో ఒక్క ఓటు కోసం మంచంలో ఉన్న ముసలివాళ్ళను కూడా మోసుకుపోయే ఈ మగవాళ్ళకు, విరిగిన చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నిలబడిన ఆడది మాత్రం ఎవరికీ అక్కర లేకపోయింది. థూ!

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. రెండు షామియానాల మధ్య ఇసుకలో కూర్చున్నాను. "ఆమె కనపడేదాకా నేను ఎగరను" అన్నాను. ఖాలా వచ్చి నా పక్కన కూర్చుంది. మా వైపు వాళ్ళు వచ్చారు. కాసేపటికి అవతలి వాళ్ళూ కొంగులు నడుముకు చుట్టుకుని వచ్చేశారు. చూస్తుండగానే షామియానాల కింద ఉత్త కుర్చీలు మిగిలాయి. మా ప్రెసిడెంటు నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ, "అమ్మా, నాయకుడు దావలో ఉండాడు. ఆడోళ్ళు లేకుంటే ఏం బాగుంటాది? పరువు పోతాదమ్మా" అన్నాడు.

"పోనీ. ఉంటే గదా పోయేది" అంది ఖాలా.

చివరికి పరువే ఆయన్ను కదిలించింది. ఖాలాను కారు ఎక్కించుకుని ఎంబసీకి పరిగెత్తాడు. ఆ వెనకే రెండో ప్రెసిడెంటు కూడా ఇంకో కారులో పోయాడు, పేరు మొత్తం వీడికే దక్కుతుందేమోనని. ఎంబసీ వాళ్ళు ఫోన్లు చేశాక పోలీసులు ఆ ఇంటికి వెళ్ళారు. సంచితో రోడ్డు మీద కనబడిందని ఆ ఇంటివాళ్ళు ఆమెను లోపలికి ఈడ్చుకుపోయి గదిలో వేసి తాళం పెట్టారట. మా బస్సు ఆగి ఉంటే ఆ తాళం పడేది కాదు. ఆమెను బయటికి తెచ్చారు, కొన్నాళ్ళు ఎంబసీలోనే ఉంచుకుని ఊరికి పంపించారు. వేళ్ళు మాత్రం ఒరిగిన పక్కకే అతుక్కున్నాయి.

తర్వాత నేను సెలవు మీద ఇంటికి వచ్చాను. ఓట్ల జోరులో ఉంది ఊరు. మా పార్టీ మీటింగులో, కువైట్‌లో చిక్కుకున్న మన ఆడబిడ్డను మన నాయకుడే విడిపించాడని మైకులో చెప్పారు. వాళ్ళ పార్టీ ఇంకో అడుగు ముందుకు పోయింది. పులివెందుల నుంచి పెద్దవాళ్ళను పిలిపించి జమ్మలమడుగులో మీటింగు పెట్టి, ఆమెను స్టేజీ ఎక్కించి, ఆ చేతిని ఎత్తి జనానికి చూపించారట. జనం చప్పట్లు కొట్టారట. రోడ్డు మీద నిలబడినప్పుడు ఎవరికీ కనపడని విరిగిన చెయ్యి, స్టేజీ మీద అందరికీ కనపడింది.

నేను ఉండబట్టలేక ఒక పొద్దున అవతలి వీధికి నడిచిపోయాను. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ వీధిలో నేను కాలు పెట్టడం అదే మొదలు. అరుగుల మీద మగవాళ్ళు లేచి నిలబడి చూశారు. నేను లెక్క చేయలేదు. ఆమె తలుపు తట్టాను. ఆమే తీసింది. నన్ను చూడగానే మొహం వెలిగింది, వెంటనే నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. ఆ వెలుగు ఆరిపోయింది. లోపలికి రమ్మనలేదు. తలుపు సగమే తెరిచి పట్టుకుంది.

"చెయ్యి ఎట్లుండాది మే?" అన్నాను.

"ఈడ వద్దక్కా, నీ కాళ్ళు మొక్కుతా" అని గొంతు తగ్గించింది. "నా కొడుకు ఈ వీధోళ్ళ కండ్ల ముందర తిరగాల. నాకు మళ్ళా వీసా వస్తాంది. కువైట్‌కు పోయినాక ఆడ మాట్లాడుకుందాంలే."