జోళ్లు ఎటు చూస్తున్నాయి

“మలుపు దగ్గర బస్సు జారిందనుకోండి మామ్మగారూ, అప్పుడెవరు జవాబు చెప్తారు?”

గడప దగ్గర కూర్చుని కూతురికి బూట్లు తొడుగుతూ హేరిం ఆ ఉదయం అప్పటికే చాలాసార్లు ఇదే మాట అంది. రాత్రంతా మంచు కురిసింది. నర్సరీ బడి పిల్లలందరినీ ఆ రోజు బస్సెక్కించి కొండమీది మ్యూజియానికి తీసుకెళ్తున్నారు. ఆమె కూతురు సోల్‌కి నాలుగేళ్లు.

“రోజంతా వాగునీళ్లు సీసాల్లో పోసి పరీక్షిస్తావు. మూతపడ్డ గనుల్లోంచి ఎర్రగా పారే ఆ విషమంటే లేని భయం బస్సంటే ఏంటమ్మా?” అంది కిందివాటాలో ఉండే ఓక్‌బున్. ఇల్లు ఆవిడదే.

“భయం కాదండీ. మంచు గడ్డకట్టిన రోడ్డుమీద టైరుకి పట్టుండదు. అంత బరువు బస్సు బ్రేకు వేస్తే...”

“ఆ లెక్కలు నాకెందుకు? బస్సు నాదా?”

అంటూనే ఓక్‌బున్ వంగింది. సోల్ ఇంట్లో వదిలిన గుడ్డబూట్లను, రోజూ చేసినట్టే, ముందుభాగం ఇంట్లోకి ఉండేలా తిప్పి పెట్టింది. ఆవిడ అటు వెళ్లగానే హేరిం వాటిని మళ్లీ బయటికి తిప్పుతుంది. వేసుకోవడానికి వీలుగా గుమ్మం వైపు తిప్పి ఉంచడమే శుభ్రమైన ఇంటి లక్షణమని సియోల్‌లో వాళ్లమ్మ నేర్పింది. ముసలావిడ ఎందుకలా పెడుతుందో ఎప్పుడూ అడగలేదు. పెద్దతనపు చాదస్తం అనుకుంది.

“నేనూ వస్తా పద. మ్యూజియం వాళ్లు నా సామాన్లు పట్టుకెళ్లి ఏడాదైంది. ఏం చేశారో చూడాలి.”

హేరిం ప్రయోగశాలకు సెలవు పెట్టి, ఓక్‌బున్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, బస్సు వెనకే కారు నడిపింది. బస్సు నెమ్మదిస్తే తనూ నెమ్మదించింది.

“దొంగని పట్టే పోలీసులా ఉన్నావు. కాస్త ఊపిరి తీసుకో,” అంది ఓక్‌బున్.

ఓక్‌బున్ ఈ ఊరికి సముద్రతీరం నుంచి కోడలిగా వచ్చింది. చేప వాసన నుంచి బొగ్గు వాసనకి వచ్చానని చెప్పుకునేది. భర్త చిల్‌బొక్ గనిలో పనిచేసేవాడు. ఒక శీతాకాలం గని కప్పు కూలి చనిపోయాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్లకి కంపెనీ ఒక పని ఇచ్చేది, కదిలే బెల్టు పక్కన నిలబడి బొగ్గులోంచి రాళ్లు ఏరడం. ఓక్‌బున్ గని మూతపడేదాకా రాళ్లు ఏరింది. ఏరుతూనే ఇద్దరు పిల్లల్ని పెంచింది, ఈ ఇల్లు కొంది. ఇప్పటికీ అన్నంలోకి చిక్కుడు గింజలు ఏరేటప్పుడు ఆవిడ వేళ్లు ఎంత వేగంగా కదులుతాయంటే, సోల్ నోరు తెరుచుకుని చూస్తుంది.

మ్యూజియం ఒకప్పుడు గని కార్మికుల స్నానాల గది. ఎంత కడిగినా గోడ పలకల సందుల్లో నలుపు పోలేదు. లోపల ఒక మూల గని కార్మికుడి ఇల్లు కట్టి, చుట్టూ తాడు కట్టారు. అందులో ఓక్‌బున్ ఇచ్చిన బొంత, సొట్టలు పడ్డ అన్నం డబ్బా ఉన్నాయి. గడప ముందు రాతిమెట్టు మీద చిల్‌బొక్ తెల్ల రబ్బరు జోళ్లు ఉన్నాయి.

జోళ్లు బయటికి చూస్తున్నాయి.

ఓక్‌బున్ అక్కడే ఆగిపోయింది. హేరిం చూపు పిల్లల మీద ఉంది, వరసలో సోల్ టోపీ ఎక్కడుందా అని చూస్తోంది. తల తిప్పేసరికి ఓక్‌బున్ పక్కగదిలోకి నడుస్తోంది. అది చిత్రాల గది. ఎదురుగోడకి కొత్త తైలవర్ణ చిత్రం ఒకటి వేలాడుతోంది. ఆ కట్టిన ఇంటిని చూసే గీశారు. అదే గడప, అదే రాయి. గుమ్మం బయట మంచు, మంచు వైపు తిరిగి తెల్ల జోళ్లు. కింద చీటీ: “ఆ ఉదయం. దురదృష్టవశాత్తు గని కప్పు కూలి మరణించిన కార్మికుని ఇల్లు.”

చిత్రం ముందు ఇద్దరు ముసలమ్మలు నిలబడి ఉన్నారు. అందులో మల్‌సూన్ ఒకప్పుడు ఓక్‌బున్ పక్కింటావిడ. వెనక ఎవరున్నారో చూడకుండా రెండో ఆవిడ చెవిలో అంది: “చూశావా, బయటికే ఉన్నాయి. నేనప్పుడే అన్నాను.”

“గట్టిగా అనవే మల్‌సూన్!” ఓక్‌బున్ గొంతు పలకల గోడలకి తగిలి మోగింది. “ఇన్నేళ్లూ చెవుల్లోనే అన్నావు. ఇప్పుడు బొమ్మ కూడా గీయించారుగా, ఇంకా గుసగుసలెందుకు?”

మల్‌సూన్ మొహం పాలిపోయింది. ఓక్‌బున్ వెనక్కి తిరిగి, మొదటి గదిలోకి వెళ్లి, తాడు కింద నుంచి దూరి, జోళ్లు రెండూ చేతిలోకి తీసుకుంది. మ్యూజియం చూసుకునే నమ్ పరుగెత్తుకొచ్చాడు.

“మామ్మగారూ! ప్రదర్శన వస్తువులు ముట్టుకోకూడదండీ.”

“ముట్టుకోకూడదా? సంతలో బేరమాడి కొన్నది నేను. రోజూ తోమింది నేను.”

“మీరే మ్యూజియానికి ఇచ్చేశారు కదా.”

“జోళ్లిచ్చాను. నా పరువివ్వలేదు. బయటికి తిప్పింది ఎవరు?”

నమ్ తెల్లబోయాడు. “నేనేనండీ. అది మర్యాద కదా. వేసుకునేవాళ్లకి సులువుగా ఉంటుందని... మా ఇంట్లో అలాగే నేర్పారు.”

“మీ నాన్నేం చేసేవాడు?”

“బ్యాంకులో పని.”

“బ్యాంకు కప్పు కూలదు నాయనా.”

మా ఇంట్లోనూ అలాగే నేర్పారని హేరిం నోటిదాకా వచ్చింది. పొద్దున తను బయటికి తిప్పి వచ్చిన సోల్ బూట్లు కళ్లముందు మెదిలాయి. బూట్ల దిక్కుకీ బస్సు టైరుకీ సంబంధం లేదని చదువు చెబుతోంది. అయినా ఆమె కిటికీలోంచి బయట ఆగి ఉన్న బస్సు టైర్ల వైపు చూసింది.

“మొగుడు గనిలోపల ఉన్నంతసేపూ ఇంట్లో మిగిలిన జత లోపలికి చూడాలి,” అంది ఓక్‌బున్. “అప్పుడే ఆ కాళ్లు ఇంటికి తిరుగుతాయని మా గని కార్మికుల వరసిళ్లలో ఆడవాళ్లందరి నమ్మకం. బయటికి తిప్పి పెట్టిందంటే మొగుణ్ణి సాగనంపేసినట్టే. ఆ రోజు నేను లోపలికే పెట్టాను. కబురు రాగానే వీధంతా మా ఇంట్లోకి పరుగెత్తింది. ఎవడి కాలు తగిలిందో ఒక జోడు తిరిగింది. శవం ఇంటికి రాకముందే మాట పాకేసింది, ఓక్‌బునే చంపుకుంది అని. పరామర్శకొచ్చిన కంపెనీ మనిషి కూడా అవునవునని తలూపాడు. ఎందుకూపడు? నెపం జోళ్ల మీదికి పోతే వాడి మీదికి రాదుగా!”

“మామ్మగారూ, పిల్లలున్నారు, కాస్త మెల్లగా...” అన్నాడు నమ్.

“పిల్లలు వినాలి! దుంగలు వెయ్యలేదు. కప్పు కింద నిలబెట్టాల్సిన దుంగలు. ఆయన ఇంటికొచ్చి చెప్తూనే ఉన్నాడు, కప్పు కిర్రుమంటోంది, దుంగలడిగితే ముందు బొగ్గు తియ్యండి అంటున్నారు అని. అదెక్కడుంది నీ చీటీలో?”

హేరిం చిత్రం దగ్గరికి వెళ్లి చీటీని మళ్లీ చదివింది. దురదృష్టవశాత్తు. వాగు ఎర్రబడిన రోజు ఈ మాట రాసి ఇస్తే పైవాళ్లు నివేదిక మొహాన కొడతారు. ఏ గని నోటి నుంచి, ఎంత ఇనుము అని రాయాలి. మనిషి చచ్చిపోతే మాత్రం ఈ ఒక్క మాట సరిపోయింది.

“ఇదెవరు రాశారండీ?” గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“పాత రికార్డుల్లో ఉన్న మాటే,” అన్నాడు నమ్. “మార్చాలంటే జిల్లా ఆఫీసు ఒప్పుకోవాలి.”

“ఆఫీసులో ఎవరు? పేరు చెప్పండి.”

ఈలోగా ఓక్‌బున్ జోళ్లని రాయి మీద లోపలికి తిప్పి పెట్టి, చిత్రాల గదికి వచ్చి, సరిగ్గా ఆ చిత్రం కింద నేలమీద చతికిలబడింది. పిల్లలు గుంపుగా మూగారు. టీచరు వాళ్లని వెనక్కి లాగబోయింది గానీ సోల్ ముందుకొచ్చేసింది.

“అవ్వా, ఎందుకరుస్తున్నావు?”

“వినపడాలని తల్లీ.”

“నాకు వినపడింది.”

“నీకు కాదులే.”

అప్పుడు మల్‌సూన్, తల ఎత్తకుండానే అంది: “మా ఆయనా చెప్పేవాడు. దుంగల సంగతి.”

“తెలిసీ నెపం నా జోళ్ల మీద పెట్టావా?”

మల్‌సూన్ మఫ్లరు చుట్టుకుని వెళ్లిపోయింది. ఓక్‌బున్ ఆవిడ వీపు వైపు చూస్తూ పళ్లు కొరికింది.

చివరికి నమ్ చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. గోడమీద జిగురు మరకలు మిగిలాయి. “ఏం రాయమంటారో చెప్పండి. ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను.”

“దుంగలు వెయ్యలేదు అని రాయి. ఒప్పుకోకపోతే రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటా. నీ చీటీ నేనే.”

తిరుగు ప్రయాణంలో కూడా హేరిం బస్సు వెనకే నడిపింది. మలుపు దగ్గర బస్సు కాస్త పక్కకి జారి, సర్దుకుంది. హేరిం చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

“మీరు పెట్టిన సోల్ బూట్లు నేను రోజూ...” అని మొదలుపెట్టింది.

“తిప్పేస్తావు. తెలుసు. నాకు కళ్లున్నాయి.” ఓక్‌బున్ కోపం ఇంకా చల్లారలేదు. “అక్కడ చెప్పని మాట నీకు చెప్తున్నా విను. ఆయన కప్పు గురించి చెప్పిన ప్రతిరోజూ నేను జోళ్లు ఇంకాస్త జాగ్రత్తగా తిప్పి పెట్టాను. అంతే చేశాను. ఆడది గని ఆఫీసు గడప తొక్కితే అరిష్టమన్నారు, ఊరుకున్నాను. మల్‌సూనూ అంతే. వీధిలో ఇంటింటా జోళ్లు చక్కగా లోపలికే చూశాయి. ఒక్కతి వెళ్లి అడగలేదు. నా ఒళ్లు మండేది అందుకు.”

ఓక్‌బున్ ముందు పోతున్న బస్సు వైపు వేలు చూపించింది.

“పొద్దున అడిగావుగా, ఎవరు జవాబు చెప్తారని. నన్నడిగితే ఏం లాభం? జోళ్లు తిప్పు, తప్పు లేదు, కంగారుపడే చేతులకి ఒక పని. తిప్పాక మాత్రం ఇంట్లో కూర్చోకు. బస్సు ఎవడిదో వాడి దగ్గరికి పో. అడుగు. విసుక్కుంటే ఇంకా గట్టిగా అడుగు.”

ఆ శీతాకాలం నుంచి ఆ ఇంటి గడప దగ్గర సోల్ గుడ్డబూట్లు లోపలికే చూస్తున్నాయి. వాటిని అలా తిప్పి పెట్టి, హేరిం వీధి చివరికి నడుస్తుంది. బస్సు ఆగగానే డ్రైవరు కిటికీ తట్టి, మంచులో జారకుండా టైర్లకి గొలుసులు కట్టారా అని అడుగుతుంది. అతను విసుక్కుంటాడు. ఆమె ఇంకా గట్టిగా అడుగుతుంది.