తాత జేబులోని కూత

మా తాత రాఘవేందర్ చొక్కా జేబులో పెన్ను ఉండదు, బీపర్ ఉంటుంది. శనగగింజంత నల్లటి ముక్క, దానికి రెండు వైర్లు. అమీర్‌పేటలోని మా షాపుకు ఎవరైనా తెర వెలగని కంప్యూటర్ తెస్తే, మూత విప్పి, మదర్‌బోర్డుకు ఆ ముక్క తగిలించి, స్విచ్ వేసి, పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని నిలబడతాడు. పెట్టె తన రోగం తానే చెబుతుంది. ఒక పొట్టి కూత వస్తే అంతా బాగానే ఉన్నట్టు. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే డిస్‌ప్లే కార్డు. అసలు కూతే లేకపోతే బోర్డు పోయినట్టు. ఇంటర్ తప్పిన నాకు సరిగ్గా వచ్చిన భాష ఇదొక్కటే.

నాయనమ్మ పోయాక తాత మాటలు తగ్గించాడు. దుఃఖం అనుకున్నాం. పక్కన జిరాక్స్ షాపు అబూబకర్ భాయ్‌తో రోజూ చాయ్ తాగేవాడు, అదీ మానేశాడు. పిలిస్తే "పనున్నది భాయ్" అని, బాగుచేసిన పెట్టెనే మళ్లీ విప్పేవాడు. బల్కంపేట ఇంట్లో సౌండు లేకుండా వార్తలు చూసేవాడు.

"సౌండ్ పెట్టు తాతా, పాపం వాళ్లు ఉత్తగనే నోళ్లు నొప్పి చేసుకుంటున్నరు" అనేదాన్ని.

"ఏం చెప్తరో నాకు ఎర్కనే" అనేవాడు.

ఈమధ్య షాపుకు వచ్చిన ప్రతి పెట్టెకూ బోర్డే పోయిందన్నాడు. "రాఘవన్నా, గీ ఎండలకు బోర్డులు సుత చస్తున్నయా?" అని భాయ్ నవ్వాడు. తాత కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నేను పొద్దెక్కాక షాపుకు వెళ్లే రకం కాబట్టి ఆ పెట్టెలు ఏం కూశాయో వినలేదు.

ఒకరోజు మధురానగర్‌లో లేడీస్ హాస్టల్ నడిపే ఉదయలక్ష్మి గారు ఆటోలో కంప్యూటర్ తెచ్చారు.

"రాఘవేందర్ గారూ, స్క్రీన్ నల్లగా ఉండిపోయిందండీ. పారేసి కొత్తది కొందామంటున్నారు మావారు. మీరు పోయిందంటే పోయినట్టే."

తాత బీపర్ తగిలించి స్విచ్ వేశాడు. పెట్టె కూసింది. ఒక పొడుగు, రెండు పొట్టి. మళ్లీ కూసింది. బయట ఆటో అతను కూడా తొంగిచూశాడు. తాత మాత్రం తల వంచుకుని ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"కూత లేదు మేడం" అన్నాడు చివరికి. "బోర్డు..."

"మరి ఆ కీచుమనేది ఏంటండీ?"

తాత ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్‌కు ఉలిక్కిపడే మనిషే. సన్నటి చప్పుళ్లే ఆయన్ని వదిలి వెళ్లిపోయాయి. బీపర్ గొంతూ సన్నదే, నా గొంతూ సన్నదే.

వెనక్కి వెళ్లి తాత వీపు మీద వేలు గట్టిగా అదిమిపట్టాను. వదిలి, రెండుసార్లు టకటకా కొట్టాను.

తాత తిరిగి చూడలేదు. ఆయన భుజాలు మాత్రం ఒక్కసారి బిగుసుకున్నాయి.

"జర ఆగుండ్రి మేడం" అన్నాడు. డిస్‌ప్లే కార్డు లాగి, దాని ఇత్తడిరంగు పళ్లను నా పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించాడు. తెర వెలిగింది.

"మీ చెవి ఉండగా మాకేం భయమండీ" అని ఆవిడ సంబరంగా వెళ్లిపోయారు.

తాత చాలాసేపు స్క్రూలు ఏరుకున్నాడు, ఒక్కటీ కింద పడకపోయినా.

"భాయ్‌కి చెప్పకు" అన్నాడు.

ఆయన ముందుకు వెళ్లి, నోరు పెద్దగా తెరిచి చెప్పాను. "డాక్టర్ దగ్గరికి పోదాం. చెవుల పెట్టుకునే మిషన్ ఇస్తడు."

"ఎన్నేండ్ల సంది మిషన్లకు చెవి పెడ్తున్ననే నేను. ఇగ నా చెవికే మిషన్ పెడ్తవా?"

"పెట్టుకుంటే భాయ్ జోకులు వినొచ్చు."

"అవి వినకపోతే నష్టం లేదు తియ్" అన్నాడు. అంటూనే పక్క షాపు వైపు చూశాడు.

ఆ రోజు నుంచి స్విచ్ వేసే ముందు నాకు వీపు తిప్పుతాడు. డాక్టర్ మాట ఎత్తితే మాత్రం అదీ వినపడలేదంటాడు. నిన్న సాయంత్రం పక్కన చాయ్ దగ్గర భాయ్ ఏదో చెప్తుంటే అందరూ పగలబడి నవ్వుతున్నారు. షాపులో ఒక్క పెట్టె కూడా నడవడం లేదు. తాత స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

వెళ్లి ఒక్కసారి, పొట్టిగా తట్టాను.

"ఏందే, స్విచ్ ఎయ్యలే గదా" అన్నాడు.

కానీ ఇటు తిరగలేదు. వీపు అట్లాగే ఉంచాడు.